చిక్కు కింద, తప్పు పైన

పాత కుట్టు మిషన్ మాట ఎక్కడ వచ్చినా వెంటనే వినిపించే ఫిర్యాదు ఒకటుంది: కింద దారం ఉండకట్టి పట్టేస్తోందని. దానికి మన ఊళ్లలో దొరికే సలహాలు రెండే. బాబిన్ కేసు మార్చమనేది ఒకటి, మిషనే మార్చమనేది రెండోది. నూటికి తొంభై సందర్భాల్లో రెండూ అనవసరమని నా గట్టి నమ్మకం. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో పోతపోసిన సింగర్లూ, 1930లలో కలకత్తాలో జే ఇంజనీరింగ్ వర్క్స్ మొదలుపెట్టిన ఉషా మిషన్లూ ఇంకా ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. వాటిలో చాలావాటి మీద గుడ్డ కప్పి మూలన పెట్టారు, లేదా పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేస్తున్నారు. కారణం అడిగితే ఈ చిక్కే చెబుతారు. ఇంకో యాభై ఏళ్లు కుట్టగల యంత్రం దారం ఎక్కించే పద్ధతి తెలియక మూలన పడటం నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈ వాదనని ఇద్దరి నోట పెడుతున్నాను. ఒకరు పవర్ మిషన్లు పెట్టుకుని షాపు నడిపే టైలరు, ఇంకొకరు కుట్టు నేర్పే టీచరమ్మ. ఇద్దరూ ఊహించిన మనుషులే. నేను టీచరమ్మ పక్షం. అయినా టైలరు అడిగేవన్నీ జవాబు చెప్పి తీరవలసిన ప్రశ్నలే.

టైలరు: అక్కా, ఆ నల్ల మిషన్లంటే మీకు అభిమానం. నాకూ వాటి మీద గౌరవం ఉంది. కానీ పండగ ముందు రోజు పది జాకెట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాడికి ఆ గౌరవం ఏం పనికొస్తుంది చెప్పండి? నాలుగు అంగుళాలు కుట్టేసరికి దారం ఉండకడుతుంది, గుడ్డ పలకకి అతుక్కుపోతుంది, లాగితే సూది వంగుతుంది. చిక్కు ఎక్కడ కనిపిస్తోంది? గుడ్డ కింద. గుడ్డ కింద ఏమున్నాయి? కింది దారం చుట్టిన బాబిన్, బాబిన్ కేసు, షటిల్. మరి తప్పు అక్కడే ఉన్నట్టు కదా. యాభై అరవై ఏళ్లు తిరిగిన ఇనుము అరగకుండా ఉంటుందా? కేసు స్ప్రింగు సడలి ఉంటుంది, లేదా షటిల్ అరిగి ఉంటుంది. స్క్రూ బిగిస్తాం, కేసు మారుస్తాం, కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మొదలవుతుంది. ఆ బాధ ఎందుకని కొత్త మిషన్ కొనుక్కోమంటాను. ఇందులో తప్పేముంది?

టీచరమ్మ: గోడ మీద తేమ ఎక్కడ కనిపించిందో కప్పు కూడా సరిగ్గా అక్కడే కారుతోందని అనుకోం కదా తమ్ముడూ, ఇదీ అంతే. కొలత వేసి చూద్దాం. ఈ మిషన్లలో పడే బాబిన్ అడ్డం దాదాపు రెండు సెంటీమీటర్లు. దాన్ని మోసే కేసు ఇంకాస్త వెడల్పు. సూది మోసుకొచ్చిన పైదారాన్ని షటిల్ ముక్కు ఉచ్చులా పట్టుకుని, ఆ కేసు చుట్టూ పూర్తిగా తిప్పాలి. అందుకు ప్రతి కుట్టుకీ ఆరేడు సెంటీమీటర్ల పైదారం కిందికి దిగాలి. కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు పెట్టుకున్నావనుకో, చివరికి గుడ్డలో నిలిచేది మూడు మిల్లీమీటర్లు, దళసరి గుడ్డైతే ఇంకొంచెం. మిగిలిందంతా మళ్లీ పైకి పోవాలి. దాన్ని లాగేది ముందు వైపు పైకీ కిందికీ ఊగే లీవరు. ఆ లీవరు లాగినప్పుడు దారం రెండు వైపుల నుంచి రావచ్చు, కింద మిగిలినదైనా రావచ్చు, రీలు నుంచి కొత్తదైనా రావచ్చు. టెన్షన్ బిళ్లలు దారాన్ని పట్టి ఉంచితే రీలు వైపు నుంచి రావడం కష్టమవుతుంది, కింది మిగులే పైకి వస్తుంది. బిళ్లల మధ్య దారం కూర్చోలేదంటే రీలు నుంచి హాయిగా ఊడి వస్తుంది, కింది మిగులు కిందే ఉండిపోతుంది. పది కుట్లకి అర మీటరు పైగా దారం గుడ్డ కింద పోగవుతుంది. ఇప్పుడు బాబిన్ సంగతి చూడు. అది కుట్టుకి ఇచ్చేది మూడు మిల్లీమీటర్లు, పది కుట్లకి మూడు సెంటీమీటర్లు. ఉండకట్టేంత దారం బాబిన్ నుంచి రావడానికి వీలే లేదు. నా మాట నమ్మలేకపోతే పైన ఎర్రదారం, బాబిన్‌లో తెల్లదారం వేసి కుట్టు. పట్టేసినప్పుడు ఆ ఉండ విప్పి చూడు, ఎక్కువ ఏ రంగుందో నీకే తెలుస్తుంది.

టైలరు: లెక్క బాగానే ఉందక్కా. అయితే దీనికి జవాబు చెప్పండి. బాబిన్ కేసు తీసి తుడిచి మళ్లీ పెడితే చాలాసార్లు బాగైపోతుంది. ఏ టైలర్ని అడిగినా ఇదే చెబుతాడు. తప్పు పైనే ఉంటే కింద ముట్టుకున్నందుకు ఎందుకు బాగవుతుంది? ఇంతమంది అనుభవం అబద్ధమా?

టీచరమ్మ: అనుభవం అబద్ధం కాదు, దానికి చెప్పుకునే కారణం తప్పు. కేసు తీయాలంటే ముందు ఏం చేస్తావు? గుడ్డని నొక్కి పట్టే ఫుట్ ఎత్తుతావు, ఉండ కత్తిరిస్తావు, గుడ్డ బయటికి లాగుతావు. దారం తెగింది కాబట్టి మళ్లీ మొదటి నుంచీ ఎక్కిస్తావు. ఈసారి ఫుట్ ఎత్తే ఉంది. రోగం కుదిరింది అక్కడ. ఈ మిషన్లలో చాలావాటికి ఫుట్ ఎత్తితే టెన్షన్ బిళ్లలు విడతాయి, దించితే దగ్గరపడతాయి. కుట్టిన గుడ్డ సులువుగా బయటికి రావడానికి చేసిన ఏర్పాటది. ఫుట్ దించి ఉంచి దారం ఎక్కిస్తే, మూసుకున్న బిళ్లల మధ్యకి దూరకుండా దారం వాటి అంచు మీదే ఉండిపోతుంది. పైకి చూస్తే ఎక్కించినట్టే కనిపిస్తుంది. అందుకని ఫుట్ ఎత్తి ఎక్కించు, తర్వాత దించి, సూది దగ్గర దారాన్ని వేళ్లతో మెల్లగా లాగి చూడు. బిగువు చేతికి తెలియాలి, సూది కాస్త వంగేంత. ఫుట్ మళ్లీ ఎత్తితే ఆ బిగువు పోవాలి. రెండు స్థితుల్లోనూ ఒకేలా తేలిగ్గా వస్తోందంటే దారం బిళ్లల్లో లేదు, లేదా బిళ్లల మధ్య పాత దారం ముక్కో నూలు పీచో అడ్డుపడి ఉంది. మెత్తటి గుడ్డ పేలికని బిళ్లల మధ్య అటూ ఇటూ లాగితే అది వచ్చేస్తుంది. లీవరు కన్నంలో దారం దూర్చడం మరిచిపోయినా ఫలితం ఇదే. మొదటి రెండు మూడు కుట్లకే పట్టేసిందంటే నేను ముందు ఆ లీవరు వైపే చూస్తాను.

ఇక్కడ నేనొక మాట కలపాలి. టీచరమ్మ చెప్పింది ఏ ఒక్క కంపెనీ మిషన్‌కో చెందిన సంగతి కాదు. ఎలియాస్ హోవ్ 1846లో పేటెంటు పొందిన యంత్రంలో సూది కన్ను మొనకి దగ్గరగా ఉంది, కింద ఇంకో దారం షటిల్‌తో నడిచింది. 1851లో ఐజాక్ సింగర్ పేటెంటు వచ్చింది. అదే ఏడాది అలెన్ విల్సన్, ఉచ్చుని పట్టి తిరిగే హుక్‌కి పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత షటిల్ ఆకారం మారింది, బాబిన్ ఉండే చోటు మారింది, మోటారు వచ్చింది, కంప్యూటరు బోర్డు వచ్చింది. పైదారం ఉచ్చు కింది దారాన్ని చుట్టి రావాలి, మిగులు పైకి పోవాలి అన్న సూత్రం మాత్రం చెక్కుచెదరలేదు. పాతదైనా కొత్తదైనా లాక్‌స్టిచ్ మిషన్‌కి మిగులు దారాన్ని వెనక్కి లాగుకోవడమే పెద్ద పని. సింగర్ 27, 28 రకాల్లో సన్నటి పొడుగాటి బాబిన్‌ని మోస్తూ ముందుకీ వెనక్కీ ఊగే షటిల్‌కీ, మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే 15 రకం గుండ్రటి షటిల్‌కీ ఇందులో తేడా లేదు. పైదారంలో ప్రతి ముక్కా గుడ్డలో స్థిరపడేలోపు సూది కన్నులోంచి ఇరవై సార్లకు పైగా పైకీ కిందికీ తిరుగుతుందని టీచరమ్మ వేసిన లెక్క నుంచే తేలుతుంది. పీచు లేచే నాసిరకం దారం పాత మిషన్‌లో ఎందుకు తెగుతుందో, బిళ్లల్లో ఎందుకు పీచు పేరుకుంటుందో కూడా దాన్నిబట్టే అర్థమవుతుంది. దోషం దారానిదైనా నింద మిషన్‌కే పోతోంది.

టైలరు: సరే, ఎక్కించడం కరెక్టుగా ఉందనే అనుకుందాం. అయినా పట్టేసే మిషన్లు లేవా? టైమింగ్ పోయినవి, సూది సరిగా దిగనివి. మెకానిక్కులు వచ్చి టైమింగ్ పోయిందనే చెబుతారు. పాత మిషన్‌కి అది మామూలేగా?

టీచరమ్మ: టైమింగ్ దానంతట అది పోవడం అరుదు తమ్ముడూ. సూది దేనికో గట్టిగా కొట్టుకుని, సూదిని పట్టే కడ్డీ జరిగితే పోతుంది. అది పోతే కనిపించే లక్షణం వేరు. కుట్లు వదిలేస్తుంది, సూది షటిల్‌కి తగిలి టక్కుమంటుంది, అసలు కింది దారాన్ని పైకే తేదు. ఉండకట్టడానికి ఉచ్చు చిక్కాలి, చిక్కిన ఉచ్చు వెనక్కి రాకుండా ఉండాలి. ఉండకడుతోందంటే షటిల్ ఉచ్చును పట్టుకుంటోందనే అర్థం. మెకానిక్‌ని పిలిచే ముందు సూది చూడు. సూదికి ఒక పక్క నిలువునా పొడుగాటి గాడి ఉంటుంది, రెండో పక్క కన్ను పైన చిన్న పల్లం ఉంటుంది. దారం గాడిలో పడి గుడ్డకి ఒరుసుకోకుండా దిగుతుంది. సూది అడుగుకి వెళ్లి కొంచెం పైకి లేవగానే రెండో పక్క దారం గుడ్డకి ఒరుసుకుని ఆగిపోయి, బయటికి ఉబుకుతుంది. ఆ ఉబ్బే ఉచ్చు. షటిల్ ముక్కు వచ్చేది ఆ పక్కకే. అందుకే సూది చదునైన వైపు షటిల్ వైపు ఉండాలి, దారం గాడి ఉన్న వైపు నుంచి కన్నులోకి దూర్చాలి. ఏ మిషన్‌లో షటిల్ ఏ పక్కన నడుస్తుందో పలక తీసి ఒకసారి చూసుకుంటే ఎడమా కుడా అన్న సందేహం ఇక రాదు. ఇంకో పొరపాటు మీ షాపుల్లోంచే వస్తుంది, కోపగించుకోకు. పవర్ మిషన్ సూదికి కాడ మొత్తం గుండ్రంగా ఉంటుంది, చదును ఉండదు. చేతికి అందిందని దాన్ని తెచ్చి ఇంటి మిషన్‌లో పెడతారు. ఆ కాడ సన్నం, సూది వదులుగా ఒరిగి ఉంటుంది, ఏ పక్కకి తిరిగి ఉందో చూపించే గుర్తూ ఉండదు. సూది నంబరూ చూసుకోవాలి. 14 నంబరంటే 90, అంటే సూది లావు 0.90 మిల్లీమీటర్లు. మామూలు కాటన్ జాకెట్‌కి అది సరిపోతుంది. జార్జెట్‌కి 9 గానీ 11 గానీ పెట్టాలి, జీన్స్‌కి 16, 18. లావు దారాన్ని సన్న సూదిలో దూరిస్తే గాడిలో పట్టక ఒరుసుకుంటుంది, ఉచ్చు సరిగా ఏర్పడదు.

టైలరు: ఇన్ని గుర్తుపెట్టుకునే కన్నా కొత్తది కొనుక్కోవడం మేలు కదక్కా? నా పవర్ మిషన్ నిమిషానికి ఐదు వేల కుట్ల దాకా వేస్తుంది. దారం అదే కత్తిరించుకుంటుంది.

టీచరమ్మ: నీ షాపుకి అదే సరైనది, కాదనను. రోజుకి యాభై జాకెట్లు కుట్టేవాడు కాలు మిషన్ తొక్కాలని నేనెందుకంటాను? నేను మాట్లాడేది ఇంట్లో మిషన్ ఉండి కూడా కుట్టలేకపోతున్నవాళ్ల గురించి. ఆ ఐదు వేల కుట్ల మిషన్‌లో కూడా కుట్టు మొదట్లో దారం ఉండకడుతుంది. కట్టకుండా ఉండేందుకు ప్రత్యేక ఏర్పాట్లు చేసి మరీ అమ్ముతున్నారు. వయసే కారణమైతే కొత్తవాటికి ఆ ఏర్పాటు ఎందుకు? పైగా ఒక విషయంలో పాతదే మేలు. జిగ్‌జాగ్ వేసే కొత్త ఇంటి మిషన్‌లో సూది అటూ ఇటూ కదలాలి కాబట్టి పలకలో కన్నం వెడల్పుగా, పొడుగ్గా ఉంటుంది. పల్చటి షిఫాన్ అంచు మీద మొదలుపెడితే గుడ్డే ఆ కన్నంలోకి దిగిపోయి పట్టేస్తుంది. పాత నల్ల మిషన్ పలకలో సూది పట్టేంత చిన్న గుండ్రటి కన్నం ఒక్కటే. గుడ్డకి చుట్టూ ఆసరా ఉంటుంది. పట్టుచీరకి ఫాల్ కుట్టేవాళ్లకి ఇది చిన్న లాభం కాదు.

టైలరు: కింద అసలు ఏ తప్పూ జరగదంటారా? అది మాత్రం నేను ఒప్పుకోను.

టీచరమ్మ: నేనూ ఒప్పుకోను. కిందివల్ల పట్టేసే సందర్భాలు ఉన్నాయి, కాకపోతే అవి స్క్రూ తిప్పితే పోవు. కేసు టక్కుమని కూర్చోకుండా వదులుగా ఉండిపోతే సూది దాన్ని కొడుతుంది. 15 రకం బాబిన్‌కి పక్కలు చదునుగా ఉంటాయి, సింగర్ 66, 99 రకాల బాబిన్‌కి పక్కలు కొంచెం ఉబ్బి ఉంటాయి. చూడటానికి ఒకేలా ఉన్నాయని ఒకదానిలో ఇంకొకటి వేస్తే ఎగుడుదిగుడుగా తిరుగుతుంది. బాబిన్ వదులుగా, గుట్టగా చుట్టినా అంతే. పాత మిషన్‌కి అసలైన శత్రువు పీచూ, ఎండిన నూనే. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పోస్తారు. అది ఇరవై నాలుగు డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలవుతుంది, కొన్నాళ్లకి జిగురుగా మారి దుమ్ముని పట్టుకుంటుంది. షటిల్ తిరిగే గాడిలో ఆ జిగురూ, తెగిన దారం పోగూ కలిస్తే చక్రం బిగుసుకుపోతుంది. అప్పుడు బలవంతంగా తిప్పొద్దు. బెల్టు తీసేసి, గాడిలో రెండు మూడు చుక్కల కిరోసిన్ వేసి, కాసేపు ఆగి, చేతి చక్రాన్ని ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఊపు. ఇరుక్కున్న పోగు కొస కనిపిస్తుంది, పట్టకారుతో లాగెయ్. తర్వాత షటిల్‌ని పట్టి ఉంచే రింగు తీసి, లోపలంతా బ్రష్‌తో దులిపి, కిరోసిన్ తుడిచేసి, మిషన్ నూనె ఒక్క చుక్క వెయ్యి. గుడ్డని జరిపే పళ్ల కింద నమదాలా అణిగిన పీచునీ వదలకు. కేసు బిగువు సరిగ్గా ఉందో లేదో చూడాలంటే దారం కొస పట్టుకుని కేసుని వేలాడదియ్. దాని బరువుకే జారిపోకూడదు, చెయ్యి చిన్నగా విదిలిస్తే కొంచెం జారాలి. అలా విదిలిస్తేనే జారుతోందంటే కేసు స్క్రూ ముట్టుకోనే ముట్టుకోకు. ఆ బిగువు ఒకసారి చెడితే పైనున్న టెన్షన్‌ని ఎంత తిప్పినా కుట్టు కుదరదు.

టైలరు: నేర్చుకునే పిల్లలు ఇవన్నీ చేసి కూడా మొదటి కుట్టుకే పట్టేయించుకుంటారు. దానికేమంటారు?

టీచరమ్మ: మొదటి కుట్టు ప్రమాదం వేరే. అప్పటికి దారం కొస గుడ్డలో పాతుకుని ఉండదు. షటిల్ ఉచ్చుని లాగినప్పుడు ఆ కొస కూడా కిందికి పోయి గాడిలో పడుతుంది. అందుకే రెండు దారాల కొసలూ ఫుట్ కిందుగా వెనక్కి తీసి, మూడు నాలుగు కుట్లు పడేదాకా వేలితో పట్టుకోవాలి. లీవరు పైకి వచ్చి ఉన్నప్పుడే మొదలుపెట్టాలి, పైకి వచ్చాకే ఆపి గుడ్డ తీయాలి. లీవరు సగంలో ఉండగా గుడ్డ లాగితే ఉచ్చు ఇంకా కేసు చుట్టూనే ఉంటుంది. కాలు మిషన్‌కి ఇంకొకటుంది. కొత్తవాళ్లు తొక్కితే చక్రం ఏ దిక్కుకి తిరుగుతుందో చెప్పలేం. మన ఇళ్లలో ఉన్న రకాల్లో పై అంచు మన వైపుకి వచ్చేలా తిరగాలి. ఒక్క అర చుట్టు వెనక్కి తిరిగినా దారం చిక్కుపడుతుంది. అందుకని ముందు చేత్తో చక్రాన్ని మన వైపుకి తిప్పి, ఆ ఊపులో పాదం కలపాలి. దారం ఎక్కించకుండా, ఫుట్ ఎత్తి, ఉత్త మిషన్ తొక్కడం ముందు నేర్పిస్తాం. అది పిల్లలకి విసుగనిపిస్తుంది, అయినా మానను.

టైలరు: మరి మెకానిక్ ఎప్పుడు కావాలి? ఎప్పుడూ అక్కర్లేదనేలా ఉన్నారు.

టీచరమ్మ: కావాలి. దశాబ్దాల తరబడి దారం ఒరుసుకున్న చోట ఇనుములో సన్నటి గీత పడుతుంది. లీవరు కన్నంలోనో, దారం దారి చూపే కొక్కేల్లోనో గోటితో రాస్తే తెలుస్తుంది. సూది తగిలి షటిల్ ముక్కు మీద గరుకు లేచినా దారం అక్కడ తగులుకుంటుంది. దాన్ని సన్నటి ఎమరీ కాగితంతో నున్నగా చేయించాలి, మరీ పాడైతే షటిల్ మార్పించాలి. టెన్షన్ బిళ్లల పక్కనుండే చిన్న తీగ స్ప్రింగు విరిగితే, సూది గుడ్డలోకి దిగేలోపు దారం సడలి సూది కిందే పడుతుంది. అదీ మార్పించాల్సిందే. ఇవి అరుగుదలే, నువ్వు మొదట అన్నదాంట్లో ఆ మేరకి నిజముంది. కానీ ఫుట్ ఎత్తి ఎక్కించి, కొత్త సూది పెట్టి, గాడి దులిపి చూడకుండా అరుగుదల అని తేల్చకు. అన్నీ చూశాక కూడా పట్టేస్తే, ఆ గుడ్డముక్కని దారం విప్పకుండా ఉండతో సహా అలాగే కత్తిరించి తీసి, పెట్టిన సూదినీ వాడిన రీలునీ పక్కన పెట్టి, వచ్చిన మెకానిక్ చేతికి ముందు అవి ఇవ్వు.